మూలలు చూపించకుండా సంతకం అడగొద్దు



రీసర్వే జరిగిన ఊళ్ల నుంచి మన సంఘం ఆఫీసుకు వచ్చే రైతుల్లో ఎక్కువమంది ఒకే బాధ చెబుతున్నారు. తాతల నాటి దస్తావేజులో ఎకరా పది సెంట్లు. పాత పాసుపుస్తకంలో ఎకరా పది సెంట్లు. కొత్త పటంలో మాత్రం ఎకరా ఎనిమిది. గట్టు కదల్లేదు, పక్క రైతుతో తగాదా లేదు, ఒక్క గజం కూడా అమ్మలేదు. "మరి రెండు సెంట్లు ఎటు పోయాయండీ?" అని అడిగితే ఆఫీసులో చెప్పే జవాబు ఒక్కటే: "కంప్యూటర్‌లో అంతే వచ్చింది."

ఈ జవాబును మేం ఒప్పుకోం. కంప్యూటర్‌లో దానంతట అది ఏదీ రాదు. ఎవరో ఒకరు పెడితేనే వస్తుంది. ఏం పెట్టారు, ఎవరు పెట్టారు, ఎవరిని అడిగి పెట్టారు అనేదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న గట్టిగా అడగాలంటే పాలిగాన్ అనే మాట మనకు అర్థం కావాలి. సర్వేయర్లు, తహసీల్దార్లు, యాప్‌లు తయారుచేసేవాళ్లు ఈ మాట రోజూ వాడుతున్నారు. మన పొలం ఇప్పుడు వాళ్ల దగ్గర ఆ పేరుతోనే ఉంది.

పాలిగాన్ అంటే మూలల జాబితా

పాలిగాన్‌ను మన బడి లెక్కల పుస్తకంలో బహుభుజి అన్నారు. నిటారు గీతలతో చుట్టూ మూసేసిన ఆకారం. మూడు భుజాలుంటే త్రిభుజం, నాలుగుంటే చతుర్భుజం, ఎన్ని ఉన్నా బహుభుజే. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

అయితే కంప్యూటర్ ఆ గీతలను దాచుకోదు. మూలలను మాత్రమే దాచుకుంటుంది. ఒక్కో మూలకు రెండు అంకెలు: తూర్పుకు ఎంత దూరం, ఉత్తరానికి ఎంత దూరం. అవే అక్షాంశ రేఖాంశాలు కావచ్చు, మీటర్లు కావచ్చు. ఆ మూలలను వరసగా కలుపుకుంటూ పోయి మొదటి మూలకు వస్తే పొలం అయిపోయినట్టే. మీ మెరక, మీ పల్లం, మీ బోరు, మీ తాత నాటిన చింతచెట్టు, ఇవేవీ అందులో లేవు. ఉన్నది అంకెల జాబితా మాత్రమే.

ఆ జాబితా నుంచి విస్తీర్ణం ఎలా తీస్తారో చూడండి. తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి కాగితం మీద చేయగలిగిన లెక్కే ఇది. పొలం నైరుతి మూలను సున్నా అనుకుందాం. అక్కణ్ణుంచి ఆగ్నేయ మూల తూర్పుకు 80 మీటర్లు, ఉత్తరానికి 0. ఈశాన్య మూల తూర్పుకు 90, ఉత్తరానికి 50. వాయవ్య మూల తూర్పుకు 10, ఉత్తరానికి 60. గడియారం ముల్లుకు ఎదురు దిశలో చుట్టూ తిరగాలి. ప్రతి మూలలోనూ ఈ మూల తూర్పు దూరాన్ని తర్వాతి మూల ఉత్తర దూరంతో గుణించాలి. అందులోంచి, తర్వాతి మూల తూర్పు దూరాన్ని ఈ మూల ఉత్తర దూరంతో గుణించి తీసేయాలి. అన్నీ కలిపి సగం చేయాలి.

నైరుతి నుంచి ఆగ్నేయానికి: 0.
ఆగ్నేయం నుంచి ఈశాన్యానికి: 80×50 లోంచి 90×0 తీస్తే 4000.
ఈశాన్యం నుంచి వాయవ్యానికి: 90×60 లోంచి 10×50 తీస్తే 4900.
వాయవ్యం నుంచి నైరుతికి: 0.

మొత్తం 8900. సగం 4450 చదరపు మీటర్లు. ఒక సెంటుకు 40.47 చదరపు మీటర్లు. అంటే ఎకరా పది సెంట్లు. దస్తావేజులో ఉన్నంతే వచ్చింది.

ఇప్పుడు ఈశాన్య మూల దగ్గర రాయి లేదనుకోండి. తుప్పలు పెరిగాయి. రోవర్ కర్ర పట్టుకున్న కుర్రాడు మూడు మీటర్లు ఇవతలే నిలబడ్డాడు. 90 బదులు 87 పడింది. పై లెక్క మళ్లీ చేయండి. 4360 చదరపు మీటర్లు వస్తుంది. ఎకరా ఏడు సెంట్ల ముప్పావు. పుస్తకంలో ఎకరా ఎనిమిదిగా దిగుతుంది. మూలలు నాలుగూ ఉన్నాయి, యంత్రం బాగానే పనిచేసింది, గుణకారంలో తప్పు లేదు. ఒక మూల మూడు మీటర్లు జరిగింది, రెండు సెంట్లకు పైనే పోయింది. తెలంగాణ లెక్కలో ముప్పాతిక గుంటకు మించిన నేల.

కాబట్టి "కంప్యూటర్‌లో అంతే వచ్చింది" అనే మాటకు అర్థం "మేం అక్కడే నిలబడ్డాం" అని మాత్రమే. యంత్రం కర్ర ఎక్కడ ఉందో సెంటీమీటర్లలో చెబుతుంది. కర్ర ఎక్కడ ఉండాలో దానికి తెలియదు. అది తెలిసినవాళ్లు ఇద్దరే: ఆ పొలం రైతు, గట్టు అవతలి రైతు.

మన పెద్దలకు తెలిసిన సంగతి

ఈ జ్ఞానం విమానంలో దిగుమతి అయిందేమీ కాదు. మన భాషలో క్షేత్రం అంటే పొలం, క్షేత్రం అంటే రేఖాగణితంలో ఆకారం కూడా. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు చేశాడు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు లీలావతిలో ఒక హెచ్చరిక చేశాడు. నాలుగు భుజాలు మాత్రమే చెప్పి, కర్ణం గానీ లంబం గానీ చెప్పకుండా వైశాల్యం ఎంత అని అడిగేవాణ్ణి ఆయన పిశాచంతో పోల్చాడు. జవాబు చెప్పబోయేవాణ్ణి అంతకంటే పెద్ద పిశాచం అన్నాడు.

ఎందుకన్నాడో ఇంట్లో నులక మంచం చూస్తే తెలుస్తుంది. కోళ్లు వదులైన మంచాన్ని ఒక మూల పట్టి తోస్తే ఏటవాలు అవుతుంది. పట్టెల పొడవు అంగుళం తగ్గదు, పడుకునే చోటు మాత్రం తగ్గుతుంది. ఒక్కో వైపు 60 మీటర్లున్న చదరపు పొలం 3600 చదరపు మీటర్లు. అవే నాలుగు 60 మీటర్ల గట్లతో పొలం ఏటవాలుగా ఉండి, ఎదురెదురు గట్ల మధ్య నిలువు దూరం 55 మీటర్లే అయితే 3300. నాలుగు వైపులా టేపు పట్టి చూస్తే తేడా కనిపించదు. నేల మాత్రం ఏడు సెంట్లకు పైగా తేడా, గుంటల్లో దాదాపు మూడు. త్రిభుజానికి ఈ బాధ లేదు. మూడు భుజాలు తెలిస్తే ఆకారం ఇంక కదలదు. అందుకే పాత సర్వేయర్లు పొలాన్ని త్రిభుజాలుగా కోసి కొలిచారు.

ఆంధ్ర జిల్లాల్లో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్ చూసినవాళ్లకు ఇది తెలుసు. పొలానికి అడ్డంగా ఒక గీత, దాని నుంచి పక్కలకు లంబాలు, ఒక్కో చోట కొలత. 66 అడుగుల గొలుసులో వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరా. 33 అడుగుల చదరమైతే గుంట. ఆ కాగితంలో తప్పులు లేవని మేం అనడం లేదు. వందేళ్ల కిందటి కొలతలవి. అయినా అందులో ఒక మంచి గుణం ఉంది. పోయిన రాయి ఎక్కడ ఉండేదో ఆ కాగితం పట్టుకుని గొలుసు వేసి ఎవరైనా మళ్లీ కనుక్కోవచ్చు. లెక్క మొత్తం రైతు కళ్ల ముందే ఉంటుంది.

ఇప్పుడు మేం తిరిగిన ఊళ్లలో ఎక్కువమంది రైతుల చేతిలో ఉన్నది ఒక బొమ్మ, ఒక విస్తీర్ణం. "మీ మూలల అంకెలు ఏవి?" అని అడిగితే వాళ్లకు తెలియదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పొలం కరిగిపోయే దారులు

మూల తప్పు చోట పడటం ఒక దారి. ఇంకా ఉన్నాయి.

మూలలు తక్కువ పెట్టడం రెండోది. వాగు పక్క పొలానికి హద్దు విల్లులా వంగి ఉంటుంది. అరవై మీటర్ల పొడవున వంపు మధ్యలో నాలుగు మీటర్లు బయటికి ఉందనుకుందాం. ఈ చివర ఒక చుక్క, ఆ చివర ఒక చుక్క పెట్టి నిటారుగా గీస్తే దాదాపు నాలుగు సెంట్లు ఒక్క గీతతో పోతుంది. వంపు వెంట పది చుక్కలు పెడితే పోదు. పది చుక్కలు పెట్టాలంటే సర్వేయర్ నడవాలి. రోజుకు ఇన్ని ఎకరాలు పూర్తి చేయాలని పైనుంచి లక్ష్యాలు పెట్టినవాళ్లు ఆ నడకకు సమయం ఇచ్చారా?

మూడోది గట్టు. గణితంలో గీతకు మందం లేదు. మన గట్టుకు ఉంది. మీటరు వెడల్పు, ఎనభై మీటర్ల పొడవున్న గట్టుకు గీత నడిమధ్య గీయాల్సింది ఒక అంచున గీస్తే, ఒకరికి దాదాపు ఒక సెంటు పోయి పక్కవాడికి కలుస్తుంది. తరతరాలుగా కలిసి నీళ్లు పెట్టుకున్న ఇద్దరు రైతుల మధ్య తగాదా పుట్టడానికి ఈ ఒక్క సెంటు చాలు.

నాలుగోది అతుకు. పక్క పక్క పొలాలను విడివిడిగా గీస్తే రెండు గీతలు సరిగ్గా కలవవు. ఒకచోట సందు పడుతుంది, ఒకచోట ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. దాన్ని సరిచేయడానికి దగ్గర దగ్గరగా ఉన్న మూలలను ఒకచోటికి లాగే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఎంత దూరం లోపలివి లాగాలో మనిషే చెబుతాడు. ఎవరి మూల కదిలింది, ఎంత కదిలింది అనేది రైతుకు చెప్పే బాధ్యత ఎవరిది?

ఐదోది వరస. మూలలు సరైనవే అయినా వాటిని కలిపే వరస మారితే పాలిగాన్ డమరుకంలా మెలిపడుతుంది. పైన చెప్పిన పొలంలో ఆగ్నేయ, ఈశాన్య మూలల వరస తారుమారు చేసి అదే లెక్క వేయండి. 400 చదరపు మీటర్లు వస్తుంది. ఎకరా పది సెంట్లు కాస్తా పది సెంట్లు అవుతుంది! మంచి సాఫ్ట్‌వేర్ ఇలాంటి తప్పును పట్టుకుంటుంది, నిజమే. కానీ మూల మూడు మీటర్లు జరిగితే పట్టుకోలేదు. ఆ పాలిగాన్ చూడటానికి శుభ్రంగానే ఉంటుంది.

నిజంలా కనిపించిందల్లా నిజం కాదు

"డ్రోన్ ఫోటోలో మీ గట్టు కనిపిస్తూనే ఉంది కదా" అంటారు. ఆ ఫోటో ఎలా తయారైందో కూడా తెలుసుకుందాం.

ఇప్పటి సినిమాల్లో, వీడియో గేముల్లో కనిపించే కొండలు, కోటలు, రాక్షసులు చాలావరకు చిన్న చిన్న పాలిగాన్‌లతో, ముఖ్యంగా త్రిభుజాలతో కట్టినవే. లక్షల త్రిభుజాలు పేర్చి, వాటిపైన రంగుల బొమ్మను దుప్పటిలా కప్పుతారు. మన కంటికి నిజమైన కొండలాగే ఉంటుంది. డ్రోన్ సర్వేలోనూ ఇలాంటి పనే జరుగుతుంది. ఒకదానిమీద ఒకటి పడేలా తీసిన ఎన్నో ఫోటోల నుంచి నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టి, ఆ ఉపరితలం మీద ఫోటోలను సరిచేసి పరిచి, ఊరంతటికీ ఒకే చిత్రం చేస్తారు. ఇది మంచి విద్యే. కాదనం. కానీ డ్రోన్‌కు పైనుంచి కనిపించిందే తెలుసు. మామిడి తోటలో, కొబ్బరి తోటలో దానికి కనిపించేది కొమ్మలు, ఆకులు. కింద గట్టు ఎటు పోయిందో దానికి తెలియదు. చెట్ల కింద రోవర్‌కు కూడా ఉపగ్రహాల సంకేతం సరిగా అందదు. అక్కడ ఆఫీసులో కూర్చుని మౌసు నొక్కి గీసిన గీత అంచనా తప్ప కొలత కాదు. అంచనాకు హక్కుపత్రం హోదా ఇవ్వడం అన్యాయం.

రెండు సెంట్లకు ఇంత గొడవా?

కొందరు పెద్దమనుషులు ఇలా అడుగుతారు. రోడ్డు పక్క రెండు సెంట్లు పోతే వాళ్లు ఊరుకుంటారా? ఎకరా ఉన్న రైతుకు రెండు సెంట్లంటే యాభైలో ఒక వంతు.

అయినా విషయం రెండు సెంట్లతో ఆగదు. ఇక మీదట పొలానికి సంబంధించిన ప్రతి పనీ ఈ పాలిగాన్ మీదే నడుస్తుంది. కేంద్రం ప్రతి కమతానికీ ఇస్తున్న 14 అక్షరాంకెల భూ ఆధార్ నంబరు పుట్టేది కమతం మూలల అక్షాంశ రేఖాంశాల నుంచే. డిజిటల్ పంట సర్వేలో పంట నమోదు కమతం పటాన్ని ఆధారం చేసుకుంటుంది. పటం పక్కకు జరిగితే మీ వరి పక్కవాడి పత్తి అవుతుంది. పంట నమోదు తప్పితే కొనుగోలు కేంద్రంలో, బీమాలో, నష్టపరిహారంలో చిక్కులే. రోడ్డుకో కాలువకో భూమి తీసుకున్నప్పుడు మీ పాలిగాన్ మీద రోడ్డు పాలిగాన్ పెట్టి కోస్తారు. కోతలో పడిన ముక్కకే డబ్బు. పునాదిలో మూల తప్పితే ఈ లెక్కలన్నీ తప్పుతాయి.

కౌలు రైతు సంగతి మరీ దారుణం. నేల మీద ఏడాదంతా ఉండేది అతనే. ఏ గట్టు ఎప్పుడు తెగిందో అతనికి తెలుసు. సర్వే రోజున అతన్ని పిలిచేవాళ్లు లేరు.

ప్రభుత్వాలు చేసింది, చేయనిది

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో సమగ్ర రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు, రోవర్లు తెచ్చారు. పాసుపుస్తకాల మీద, హద్దురాళ్ల మీద ముఖ్యమంత్రి బొమ్మకు, పేరుకు ఇచ్చిన శ్రద్ధ మూలల దగ్గర రైతును నిలబెట్టడానికి ఇవ్వలేదు. ఉపవిభజన చేయకుండా అన్నదమ్ముల, కొనుగోలుదారుల భూములను కలిపి ఒకే ఎల్‌పీఎం నంబరు ఇచ్చారు. అంటే పాలిగాన్ ఒకటి, హక్కుదారులు ఐదుగురు. ఎవరి వాటా ఎక్కడో పటంలో లేదు. అప్పుకు వెళ్లినా అమ్మకానికి వెళ్లినా మిగతావాళ్ల చుట్టూ తిరగాలి. 2024లో ప్రభుత్వం మారింది. భూ హక్కుల చట్టాన్ని రద్దు చేశారు. బొమ్మలు తీసేస్తామన్నారు. రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకున్నారు. మంచిదే. పాసుపుస్తకం అట్ట మారినంత మాత్రాన లోపలి మూలలు మారవు. అర్జీ పెట్టిన ప్రతి రైతు పొలంలో మళ్లీ కర్ర పాతి చూస్తేనే మారతాయి.

తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి సర్వే నంబరు, విస్తీర్ణం చెప్పింది గానీ పొలం ఎక్కడుందో పటంలో చూపలేదు. నేల మీద ఉన్నదానికంటే కాగితం మీద ఎక్కువ భూమి ఉన్న సర్వే నంబర్లు అలాగే మిగిలాయి. 2025లో భూభారతి చట్టం వచ్చింది. పటం జతచేయాలంటోంది. లైసెన్స్‌డ్ సర్వేయర్లను తయారుచేస్తున్నారు. అంటే అక్కడ కూడా ఇప్పుడు మూలల లెక్క మొదలవుతోంది. ఆంధ్ర రైతు పడిన పాట్లు తెలంగాణ రైతు పడక్కర్లేదు. ముందే మేలుకోవాలి.

మేం సర్వేకు వ్యతిరేకులం కాదు. రాళ్లు పోయి, గట్లు తెగి, భాగాలు మారిన ఊళ్లకు కొత్త సర్వే కావాలని అడిగింది రైతు సంఘాలే. రైతు లేకుండా చేసే సర్వేకే మేం వ్యతిరేకం.

మన తప్పు కూడా ఉంది. నోటీసు వచ్చిన రోజు "మనవాళ్లే కదా, చూసుకుంటారులే" అని పట్నం పోయినవాళ్లం ఉన్నాం. చదవకుండా సంతకం పెట్టినవాళ్లం ఉన్నాం. సంఘంగా మేం కూడా ఈ విషయం ఆలస్యంగానే అర్థం చేసుకున్నాం. ఇకమీదట అలా జరగకూడదు.

మన డిమాండ్లు

ఒకటి. ప్రతి కమతం మూలల జాబితాను, ఒక్కో మూల అంకెలతో, భుజాల పొడవులతో, ఒక కర్ణం కొలతతో తెలుగులో అచ్చువేసి సంతకానికి ముందే రైతు చేతికి ఇవ్వాలి.

రెండు. పాత విస్తీర్ణానికీ కొత్తదానికీ తేడా వస్తే ఏ మూల వల్ల, ఏ గట్టు వల్ల వచ్చిందో కారణం రాసి ఇవ్వాలి. కంప్యూటర్‌లో వచ్చిందనేది కారణం కాదు.

మూడు. తోటల్లో, వాగుల పక్కన, గట్టు కనిపించని చోట నేల మీద కొలిచిన మూలలే పెట్టాలి.

నాలుగు. జాయింట్ నంబర్లన్నింటినీ రైతు నుంచి రుసుము తీసుకోకుండా విడగొట్టాలి.

ఐదు. సాగులో ఉన్న కౌలు రైతును సర్వే రోజున పిలవాలి, అతని మాట నమోదు చేయాలి.

ఆరు. సర్వేయర్లకు రోజువారీ ఎకరాల లక్ష్యాలు ఎత్తేయాలి. వాళ్లు మనకు శత్రువులు కారు. పని భారంతో నలుగుతున్న చిన్న ఉద్యోగులు.

ఊళ్లో మనం చేయాల్సింది

సర్వే రాకముందే మీ ఎఫ్‌ఎంబీ గానీ టిప్పన్ గానీ నకలు తీసుకోండి. గట్టు అవతలి రైతును వెంటబెట్టుకుని మూలలన్నీ తిరగండి. రాయి లేని చోట ఇద్దరూ ఒప్పుకుని గుర్తు పాతండి. నాలుగు వైపులతో పాటు కర్ణం కూడా టేపుతో కొలిచి రాసుకోండి. సర్వే రోజున కర్ర పాతిన ప్రతి చోట నిలబడండి. ఆంధ్రప్రదేశ్‌లో సర్వే, సరిహద్దుల చట్టం 9(2) సెక్షన్ కింద వచ్చే నోటీసు పారేయకండి. ఒప్పుకోకపోతే ఆ మాట రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. 11వ సెక్షన్ కింద అప్పీలు హక్కు ఉంది. నోటీసులోని గడువు దాటనివ్వకండి. అంకెల లెక్క తెలియకపోతే జాబితా పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. పైన చూపిన గుణకారం చేసి చెప్పడానికి మన దగ్గర పిల్లలు ఉన్నారు.

కొత్త సర్వే మంచి కోసమే అయితే మూలలు దాచాల్సిన పని లేదు. మూలలు చూపించండి, మా ముందు కర్ర పాతండి, లెక్క మా చేతికివ్వండి. సంతకం ఆ తర్వాతే పెడతాం.